మేస్త్రీ ఎంచిన వైరు

పెరట్లో నీళ్ళ మోటారుకు వైరు కావలసి వచ్చి అనకాపల్లి మెయిన్ రోడ్డులో కరెంటు సామాన్ల కొట్టుకు వెళ్ళాను. కొట్టతను ఒక చుట్ట తీసి నా ముందు పడేశాడు. దాని కొస పట్టుకుని రెండు మూడు సార్లు మడిచి విప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. అతను నవ్వాడు.

"ఏటమ్మా, వైరుని సెవికాడెట్టుకున్నావు? అదేటి సెల్లుఫోనా?"

"మంచిదయితే మాట్టాడదు. నాసిదయితే కిర్రుమంటాది," అన్నాను.

అతని నవ్వు ఆగింది. "ఈ మాట అనీవోడు ఈ ఊళ్ళో ఒక్కడే ఉండీవోడు. వైండింగ్ మేస్త్రీ. నువ్వు ఆయన తాలూకా మనిషివేటి? సోమారం పోయేడు కదా."

చుట్ట అక్కడే వదిలేసి మెట్లు దిగాను. ఎదురుగా ఆటోలు వస్తున్నాయి, పోతున్నాయి. ఎక్కాలని తోచలేదు. నేను ఆయన తాలూకు మనిషిని కాను. ఆయన మంచి పేరు పోవడానికి కారణమైన మనిషిని. ఆయన ఎంచిన వైరు మంచిదే. ఆ సంగతి నా ఒక్కదానికే తెలుసనుకుంటూ ఏడేళ్ళు గడిపాను.

బెల్లం బజారు వెనక సందులో ఉండేది ఆయన షెడ్డు. తుమ్మపాల చుట్టుపక్కల చెరకు రైతులు కాలిపోయిన మోటార్లను సైకిళ్ళ మీదా, బళ్ళ మీదా తెచ్చి అక్కడ దించేవారు. మాడిన రాగితీగ లాగేసి, కొత్తది చుట్టి, వార్నీషు పట్టించి ఇచ్చేవాడు. సందు మొదట్లోకి రాగానే ఆ వార్నీషు వాసన ముక్కుకు తగిలేది. వెనక రెండు గదుల్లో ఆయనా భార్యా కాపురం.

పొడుగు మనిషి. చేతులు మరీ పొడుగు. చొక్కా చేతులు ఎప్పుడూ మణికట్టుకు బెత్తెడు పైనే ఆగిపోయేవి. ముందు పన్ను ఒకటి లేదు. వైరు తోలు పంటితో ఒలిచే అలవాటు వల్ల పోయిందని ఆయనే చెప్పాడు. పన్ను పోయాక పక్క పంటితో ఒలిచేవాడు. జేబులో పెన్ను ఉండదు, తలో రంగు వైరు ముక్కలు నాలుగైదు ఉండేవి. ఎవరైనా చూపించమంటే, మనవళ్ళ ఫోటోలు చూపించినట్టు ఒక్కొక్కటే తీసి చూపించేవాడు.

దేన్ని ముట్టుకున్నా చేతి వెనక భాగంతోనే ముట్టుకునేవాడు. మోటారునైనా, గోడనైనా, వేడి టీ గ్లాసునైనా ముందు వెనక చెయ్యి ఆనించి, తర్వాతే పట్టుకునేవాడు. ఎందుకని అడిగాను ఒకసారి.

"అరిసెయ్యి ఎడితే కరెంటు సేతిని ముడిసేత్తాది సెల్లెమ్మా. ముడిసిన సెయ్యి దాన్నే పట్టుకుంటాది, వొదల్దు. ఎనక సెయ్యైతే ముడుసుకున్నా ఇవతలికొచ్చేత్తాది," అన్నాడు. ఆ మాట మా ఊరి అక్షరాల కేంద్రంలో ఆడవాళ్ళందరికీ చెప్పాడు. మా అత్తకు కూడా చెప్పాడు.

ఇంకొకటి, ఎవరేం అడిగినా ఆయన ముందు వేసే ప్రశ్న ఒకటే. "ఎన్ని వాట్లు?" మాకు చదువు చెప్పే అమ్మాయి పెళ్ళి కుదిరిందని చెబితే, "కుర్రోడు ఎన్ని వాట్లు?" అన్నాడు. ఆ పిల్ల సిగ్గుపడి లోపలికి పోయింది. ఆయన మాత్రం నవ్వలేదు. నవ్వకుండానే నవ్వించేవాడు.

ఆయన మా ఊరు మొదటిసారి వచ్చింది ఫ్యాను బాగు చెయ్యడానికి. ఊరి బడిలో ఒక గదిలో సాయంత్రం పూట ఆడవాళ్ళకు అక్షరాల కేంద్రం నడిచేది. పన్నెండు మందిమి. అందరం చెరకు నరికే వాళ్ళమే, నాట్లు వేసే వాళ్ళమే. నాకప్పుడు నలభై దాటాయి. మా అత్త కూడా వచ్చేది. నేను పోతే ఇంట్లో తనకు పొద్దుపోదని వచ్చేది గానీ, వచ్చాక నాకన్నా ముందు పలక పట్టుకునేది. చిక్కు ఏమిటంటే ఆమెకు అక్షరాలు ఆనేవి కావు. సగం మందిది అదే తంతు. పుస్తకాన్ని చేతులు చాపి దూరంగా పట్టుకుని తలలు వెనక్కి వాల్చి కూర్చునేవారు.

బల్లెక్కి ఫ్యాను విప్పుతున్న మేస్త్రీ పైనుంచి చూసి అడిగాడు. "ఏటప్పా, ఆ పుస్తకాన్ని తోలేత్తన్నావా?"

"సీమల్లాగున్నాయి బాబూ అచ్చరాలు. పాకిపోతన్నాయి," అంది మా అత్త.

"గుమ్మిడికాయంత సేసి గోడ మీద ఎడితే?"

"అలగైతే ఏరుకుని కూరొండుకుంతాం," అంది ఇంకొకామె. అందరం నవ్వాం. ఆయన ఫ్యాను బిగించి దిగి, మా పుస్తకం ఒకటి అడిగి పట్టుకుపోయాడు.

పదిహేను రోజుల తర్వాత ఒక పెట్టె తెచ్చాడు. టీ పొడి వచ్చే చెక్కపెట్టె, లోపలంతా వెండిరేకు అంటించినది. అందులో రెండు పెద్ద దీపాలు, పెళ్ళి పందిళ్ళ దగ్గర ఫోకస్ లైట్లలో ఉండేవి. ముందువైపు గుండ్రంగా కోసి ఒక పెద్ద భూతద్దం, అక్షరాలు కుడి ఎడమలు తారుమారు కాకుండా దాని ముందు ఏటవాలుగా మొహం చూసుకునే అద్దం బిగించాడు. వెనక తలుపు తీసి పుస్తకం పేజీ తలకిందులుగా ఆనించాలి. దీపాల వెలుగు పేజీ మీద పడి, భూతద్దంలోంచి అద్దం మీదికీ, అక్కణ్ణించి గోడ మీదికీ వెళ్ళి, అక్కడ తిన్నగా నిలబడుతుంది. వేడి పోవడానికి పెట్టె అడుగున వేళ్ళు పట్టేంత కన్నాలు వరసగా పొడిచాడు. కింద నాలుగు పొట్టి కాళ్ళు కూడా బిగించాడు, ఆ కన్నాలకు గాలి అందాలని.

"ప్రొజెక్టరంతారు దీన్ని. సినిమా హాలోడిది పెద్ద అన్న. ఇది మనూరి తమ్ముడు," అన్నాడు.

పెట్టె అయింది గానీ అది వెంటనే వెలగలేదు. వైరు ఎంచడానికి ఆయన ఇంకో వారం పట్టించాడు.

ఆ పనికి ఆయనతో అనకాపల్లిలో ఇంకో కొట్టుకు వెళ్ళింది నేను. కేంద్రం తరఫున ఎవరో ఒకరు వచ్చి చూసుకోవాలని ఆయనే పట్టుబట్టాడు. కొట్టువాడు మెలి తిరిగిన సన్న వైరు తీసి చూపించాడు.

"ఇదే పట్టుకెళ్ళు మావా. పందిళ్ళకీ అమ్మోరి జాతరకీ అందరూ ఇదే పట్టుకెల్తన్నారు."

"ఎన్ని వాట్లకో అడిగేవా నన్ను?"

"అడగడానికేటుంది? దీపమే కదా."

"ఏ జొరమో అడక్కుండా మందిచ్చేత్తావన్నమాట. రెండు దీపాలు కలిపి ఎయ్యి వాట్లు. అవతల పన్నెండు మంది ఆడోళ్ళు కూకుంటారు." నా వైపు తిరిగాడు. "సెల్లెమ్మా, మీ సెరుకు తోటకి నీళ్ళు కడతావు కదా. బోరు నీళ్ళన్నీ సన్న బోదెలోకి వొదిలితే ఏటవుతాది?"

"గట్టు తెగిపోతాది."

"ఇక్కడ గట్టంటే ఈ ప్లాస్టిక్కు. ఏడెక్కి మెత్తబడి తెగిపోతాది. అందుకే ఎన్ని నీళ్ళో అడిగి బోదె తియ్యాలి."

కొట్టువాడు లోపలికెళ్ళి లావు వైరు తెచ్చాడు. మేస్త్రీ దాని మీద రాసి ఉన్న అంకె గోటితో గీకి చూశాడు. అచ్చయితే చెరగదట, తర్వాత పూసిందయితే చెరుగుతుందట. కొస ఒలిచి లోపలి రాగి పోగులు విడదీసి పైకే లెక్కపెట్టాడు. ఒక పోగును పంటితో నొక్కాడు. వెనక్కీ ముందుకీ మడిచి చెవి దగ్గర పెట్టుకున్నాడు, నా చెవి దగ్గరా పెట్టాడు. ఏమీ వినిపించలేదు. "అదే," అన్నాడు. తర్వాత సన్న వైరు మడిచి వినిపించాడు. ఎండిన చెరకాకు తొక్కినట్టు కిర్రుమంది.

లావు వైరులో మూడు తీగలున్నాయి. ఎరుపు, నలుపు, పచ్చ. దీపం వెలగడానికి రెండే చాలు కదా అన్నాడు కొట్టువాడు.

"పచ్చది పని సెయ్యదు గానీ ఉండాలి. ఇంట్లో ముసిలోళ్ళలాగ. ఎప్పుడో ఒకనాడు మొత్తం ఇల్లు అదే కాపాడతాది," అన్నాడు మేస్త్రీ.

అతుకు లేకుండా ఒకే పొడుగు కోయించాడు. గదిలో కూర్చుంటే నాలుగు బారలు చాలు. ఎండాకాలం బడి ముందు వాకిట్లో కూర్చుంటాం గనక అక్కడికీ అందాలని మరో ఎనిమిది బారలు ఎక్కువ తీసుకున్నాడు. అతుకే ప్రమాదం అన్నాడు. ఆ ఎక్కువ పొడుగు ఆయన జాగ్రత్త కోసం కొన్నదే.

పచ్చ తీగ కోసం బడి వెనక గొయ్యి తవ్వి, ఇనప గొట్టం దింపి, ఉప్పూ బొగ్గులూ పోశాడు. రోజూ ఒక చెంబుడు నీళ్ళు అందులో పొయ్యాలన్నాడు.

"ఎవుర్ని పాతేత్తన్నారు మేస్త్రీ, ఉప్పేసి మరీ?" అని అడిగింది మా అత్త.

"కరెంటునప్పా. దారి తప్పితే ఇక్కడికొచ్చి పడుకోవాలి," అన్నాడు.

మొదటి రోజు గోడ మీద 'తల' అని పడింది. ఒక్కో అక్షరం మా నడుమంత ఎత్తు. మా అత్త లేచి గోడ దగ్గరికెళ్ళి 'త' చుట్టూ చెయ్యి తిప్పింది. ఆమె నీడ పడి సగం అక్షరం పోయింది. "జరుగు, జరుగు" అని అందరూ అరుస్తుంటే ఆమె జరగలేదు. మేస్త్రీ తలుపు దగ్గర నిలబడి చూశాడు. స్విచ్చి వేసే ముందు "సేతులు తియ్యండమ్మా" అనడం తప్ప ఆ రోజు ఆయన ఇంకేమీ మాట్లాడలేదు.

పెట్టె నడిపే పని నాకు అప్పగించాడు. పేజీ తలకిందులుగా పెట్టాలి గనక నేను అక్షరాలను ముందు తలకిందులుగానే నేర్చుకున్నాను. ఇప్పటికీ ఎదుటివాళ్ళ చేతిలో పేపరు ఇవతల నుంచి చదివేస్తాను. వెళ్ళేటప్పుడు ఆయన చెప్పినవి ఇవి. తడి చేత్తో ముట్టుకోకు. గుడ్డ కప్పకు. పేజీ మార్చే ముందు దీపం ఆర్పు. వైరు పరిచి ఉంచు. మొదటి మూడింటికీ ఎందుకో చెప్పాడు. చివరిదానికి చెప్పలేదు, అప్పటికే బస్సు వేళయింది. నేనూ అడగలేదు. లాగి బిగించవద్దని కాబోలు అనుకున్నాను.

మూడు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. చెరకు కోతల రోజులొచ్చాయి. ఒక సాయంత్రం మా అత్త నేల మీదున్న వైరు కాలికి తగిలి బోర్లా పడింది. మోకాలు చీరుకుపోయింది. ఇంటికి వెళ్ళే దారంతా నన్ను తిట్టింది.

"కాపరానికొచ్చి పాతికేళ్ళయింది, తాడు సుట్టబెట్టడం రానేదు నీకు. కాళ్ళకాడ అలగొదిలేత్తారా ఎవురైనా?"

మా ఇళ్ళల్లో తాడు నేల మీద ఉండదు. ఎడ్ల పలుపయినా, నూతి చేంతాడయినా, చెరకు మోపుల తాడయినా పని కాగానే బొటనవేలి మీదుగా మోచేతి కిందికి చుట్టి, చివరి కొస నడుముకు బిగించి పక్కన పెట్టాలి. పరిచి వదిలేసిన తాడు కనిపిస్తే ఆ ఇంటి ఆడదాన్నే అంటారు. నాకు ఆ చుట్ట నేర్పింది మా అత్తే, కాపురానికొచ్చిన మొదటి వారంలో.

మర్నాడు సాయంత్రం అందరికన్నా ముందు వెళ్ళాను. అవసరమైనంత వైరు వదిలి, మిగతా ఎనిమిది బారలనూ మోచేతికి చుట్టాను. బిగించి కట్టాను. దాన్ని పెట్టె కింద, ఆ పొట్టి కాళ్ళ మధ్య దోపాను. సరిగ్గా పట్టింది. ఇక ఎవరి కాలికీ తగలదు. చూసుకుని తృప్తి పడ్డాను కూడా.

ఆ రోజు వాక్యాలు మొదలుపెట్టాం. దీపాలు చాలాసేపు వెలిగాయి. చలిగా ఉందని మా అత్త పెట్టెకు ఆనుకుని కూర్చుంది. కాసేపటికి పొగ వాసన వచ్చింది. కోసిన తోటల్లో చెరకాకు తగలబెట్టే రోజులవి, ఊరంతా పొగ వాసనే. ఎవరూ పట్టించుకోలేదు. పెట్టె కింద నుంచి ఎర్రగా వెలుగు కనబడ్డాకే అరిచాం. నేను స్విచ్చి వైపు పరిగెత్తేలోపు మా అత్త వంగి, కాలుతున్న చుట్టను అరచేత్తో పట్టుకుని బయటకు లాగింది. ఫటుమని ఒక మెరుపు వచ్చి, గది చీకటయింది.

కరిగిన ప్లాస్టిక్ ఆమె అరచేతికి అంటుకుపోయింది. వలిచి తీయడానికి లేకపోయింది. ఆమెను బండెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళే హడావుడిలో నేను ఒక్క నిమిషం వెనక ఉండిపోయాను. లాంతరు వెలుగులో ఆ చుట్ట కనిపించింది. ముడి కాలిపోయింది గానీ చుట్ట చుట్టలాగే ఉంది. కాలితో చెదరగొట్టాను. కర్రతో గది పొడుగునా పరిచాను. ఎందుకు చేశానో అప్పుడు ఆలోచించలేదని చెప్పుకుంటూ వచ్చాను. ఆలోచించే చేశాను.

పొద్దున్నే మేస్త్రీకి కబురు వెళ్ళింది. బడి ముందు ఊళ్ళో మగవాళ్ళంతా చేరారు. మా ఆయన ఒక పక్క కూర్చున్నాడు.

"అచ్చరాలు నేర్సుకుంతామని బయల్దేరేరు. ముందు సేతులు కాల్సుకున్నారు," అన్నాడు ఒక పెద్దమనిషి.

"ఆళ్ళకేటి తెలుసు మావా. నాసి వైరంటగట్టేడు మేస్త్రీ. మా మోటార్లలోనూ ఇలాటిదే సుట్టేడో ఏటో," అన్నాడు ఒక రైతు.

మేస్త్రీ వాళ్ళ మధ్య నుంచి నడిచాడు. లోపలికి వచ్చి గొంతుకూర్చుని వైరు అందుకున్నాడు. తువ్వాలుతో మసి తుడిచాడు. కాలని చోట మడిచి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అందులో అక్కడక్కడ కాలి కరిగిన మచ్చలున్నాయి. ఒక్కో మచ్చకూ మధ్య మంచి వైరు ఉంది. ఆ మచ్చల మీద చేతి వెనక భాగం ఆనిస్తూ ఒక కొస నుంచి ఇంకో కొసకు వెళ్ళాడు. తర్వాత వైరును తన బొటనవేలి మీదుగా మోచేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. చూసుకున్నాడు. విప్పేశాడు. అప్పుడు తలెత్తి నా వైపు చూశాడు. మొహం వైపు కాదు, చేతుల వైపు. నేను చేతులు పమిట కింద పెట్టుకున్నాను.

బయటికి వచ్చి, "ముసిలమ్మ ఎలగుంది?" అని అడిగాడు.

"సెయ్యి పోయినట్టే," అన్నాడు మా ఆయన.

"ఎర్తు పట్టింది గాబట్టి పేణముంది." ఆ మాట తనలో తను అనుకున్నట్టు అన్నాడు. ఎవరూ అందుకోలేదు. తర్వాత గట్టిగా అన్నాడు. "వైరు ఎంచింది నేను. తప్పు నాది."

"అయితే నాసి వైరేనన్నమాట?"

"తప్పు నాదంతన్నాను కదా."

వైరు నాసిదని మాత్రం ఆయన నోటితో అనలేదు. అది ఎవరూ గమనించలేదు. నేను గమనించాను. ఒక్క మాట చెబితే చాలు. చెబితే, అత్త చెయ్యి కాల్చిన కోడల్ని అవుతాను. ఎదురుగా మా ఆయన ఉన్నాడు. పమిట ఇంకాస్త దగ్గరగా లాక్కున్నాను.

మేస్త్రీ వైరు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. కేంద్రం మూతపడింది. మాకు చదువు చెప్పిన అమ్మాయి పెళ్ళయి వెళ్ళేదాకా మా ఇంటికే వచ్చి నాకు చెప్పింది. మా ఊరి రైతులు మోటార్లు చోడవరం తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. వాళ్ళను చూసి పక్క ఊరివాళ్ళూ అంతే. మా అత్త వేళ్ళు సగానికి ముడుచుకుని ఉండిపోయాయి. కొడవలి పట్టలేకపోయేది, చెంబు ఎత్తలేకపోయేది. చెంబు జారిన ప్రతిసారీ "ఆ మేస్త్రీ సెయ్యి ఇరగ" అనేది. నేను పక్కనే ఉండి చెంబు అందించేదాన్ని.

బడి వెనక గొట్టంలో మాత్రం నీళ్ళు పోస్తూ వచ్చాను. దానికి తగిలించిన వైరు లేదు, వెలిగే దీపం లేదు. అయినా ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఒక చెంబుడు పోసేదాన్ని. ఏడేళ్ళలో నేను చేసిందల్లా అదే.

ఒక్కసారి ఆయన ఎదురుపడ్డాడు. రెండేళ్ళ తర్వాత, బస్సు కోసం నిలబడి ఉంటే. సంచిలో ఒక చిన్న మోటారు మోసుకొస్తున్నాడు. ఇదివరకు మోటార్లే ఆయన దగ్గరకు వచ్చేవి. చొక్కా జేబులో వైరు ముక్కలు అలాగే ఉన్నాయి.

"అత్త సెయ్యి ఎలగుంది సెల్లెమ్మా?"

"అలాగే ఉంది."

"సదువుతున్నావా?"

"చదువుతున్నానన్నయ్యా."

చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. ఆయనే అందుకున్నాడు. "ఇంట్లో ఏదైనా వైరు సుట్టబెట్టి ఉంటే ఇప్పేసెయ్. ఒక సుట్టు ఏడి పక్క సుట్టుకి, దాని ఏడి ఇంకో సుట్టుకి. బయటికి పోడానికి దారుండదు. ఎంత మంచి వైరైనా ఆగదు. అప్పుడు సెప్పాల్సింది. తొందరలో మరిసిపోయేను." అలా అని, వస్తున్న బస్సు నాదో కాదో బోర్డు చదవమన్నాడు. చదివాను. "ఎక్కు మరి," అన్నాడు.

బస్సులో కూర్చున్నాక, ఆ మాట నాకోసమే చెప్పాడా అనుకున్నాను. అయినా అది ఆయన అందరికీ చెప్పే జాగ్రత్తే అయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. తర్వాత మా అత్త పోయింది. ఆమె పోయాక చెప్పడానికి అడ్డేమీ లేదు. అప్పటికి చెప్పకపోవడం అలవాటైపోయింది.

కొట్లో ఆయన పోయిన సంగతి విన్న రోజే బెల్లం బజారు సందుకు నడిచాను. వార్నీషు వాసన ఇంకా ఉంది. ఆయన భార్య వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పరామర్శకు వచ్చిన రైతులు ఇద్దరు బల్ల మీద ఉన్నారు. ఒకరిని గుర్తుపట్టాను, మా ఊరివాడే. ఆ పొద్దు బడి ముందు నాసి వైరన్న మనిషి.

ఏ ఊరని ఆమె అడిగింది. చెప్పాను.

"అచ్చరాల ఊరా?" అంది. నా వైపు చూసి, లేచి షెడ్డులోకి వెళ్ళింది. ఒక వైరు పట్టుకుని వచ్చింది. మసి, ఆ కరిగిన మచ్చలు. చూడగానే తెలిసింది.

"మేకుకి తగిలించి ఉంచీవోడు. ఏటిదీ అంటే అచ్చరాల వైరు అనీవోడు, అంతే. రాగి కొనీవోడొచ్చినా ఇచ్చీవోడు కాడు." ఆమె వైరును నా ఒళ్ళో పెట్టింది. "ఆ పొద్దు నువ్వూ అక్కడే ఉండుంటావు. సెప్పమ్మా. ఇది నాసిదేనా? ఆయన్ని నేనెప్పుడూ అడగనేకపోయేను."

"పోయినోడి ఇసయం ఇప్పుడెందుకప్పా," అన్నాడు మా ఊరి రైతు.

ఏం చేస్తున్నానో తెలియకుండానే వైరు కొస ఎడమ బొటనవేలికి తగిలించి, మోచేతి కిందుగా తిప్పి, చుట్టడం మొదలుపెట్టాను. ఇంట్లో రోజూ తాడు చుట్టినట్టే. ఒక చుట్టు, రెండు, మూడు. మూడో చుట్టుకు నా కళ్ళు ఆగిపోయాయి. మొదటి చుట్టు మీది మచ్చ పక్కనే రెండో చుట్టు మచ్చ వచ్చి కూర్చుంది. దాని పక్కన మూడోది. చివరిదాకా చుట్టాను. మచ్చలన్నీ నా ముంజేతి మీద ఒకే చోట, పక్కపక్కన, గీత గీసినట్టు వరసగా నిలబడ్డాయి. ఆ రోజు ఆయన పొడుగు చేతికి సరిపోని కొలత ఇది. అందుకే విప్పేసి నా చేతుల వైపు చూశాడు.

"ఇలగ సుట్టి పెట్టి కింద దోపేను," అన్నాను. "నేనే. గాలి కన్నాలు మూసుకుపోయేయి. సుట్టొద్దని తెలీదు నాకు. వైరు మంచిదే. కాలినాక సుట్ట కనబడకుండా పరిచేసింది కూడా నేనే."

ఆమె దగ్గరికి వచ్చి, చెయ్యి తిప్పి, వేళ్ళ వెనక భాగంతో ఆ మచ్చల వరస మీద రాసింది. ఆయన ఎలా చేసేవాడో అలాగే.

"ఆయనకి తెలుసా?"

"ఆ పొద్దే తెలిసింది."

ఆమె తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది.

"ఆయనకి తెలుసు, నీకు తెలుసు. మరి నేను? నాసి వైరేసి ముసిలమ్మ సెయ్యి కాల్సేడేటో ఈ మనిషి అనుకుంటా, ఏడేళ్ళు కంచంలో అన్నం పెట్టేను. ఆయన ఒక్కపాలి కూడా కాదనలేదు. నేనడిగితే కదా కాదంతాడు." ఆమె గొంతు పెరగలేదు. "ఊరికి సెప్పకపోతే పోయేవు. సాటున ఒకపాలి ఇటొచ్చి నాకు సెప్పుంటే సరిపోయీది."

వైరు చుట్టిన చెయ్యి అలాగే ఆమె ముందుకు చాపాను.

ఆమే నా చేతి మీద నుంచి వైరు ఒక్కో చుట్టే విప్పింది. మళ్ళీ చుట్టి మేకుకు తగిలిస్తుందనుకున్నాను. తగిలించలేదు. వసారా ఈ కొస నుంచి ఆ కొస దాకా, గడప ముందుగా, నేల మీద పొడుగ్గా పరిచింది. మా ఊరి రైతు లేచి, కాళ్ళకు తగులుతుందని వంగి తీయబోయాడు.

"ఉండనీ," అంది ఆమె.

నేను ఉన్నంతసేపూ జనం వస్తూనే ఉన్నారు. అందరూ దాన్ని చూసి, కాలెత్తి దాటి లోపలికి వెళ్ళారు. ఎవరూ చుట్టబెట్టలేదు.